మెడకు పైపేసినారు

ఐసీయూలో సెంట్రల్ లైన్ వేయడం డాక్టరుకు అరగంట పని. ఆ తర్వాత వారం పది రోజులు దాన్ని కాచుకోవాల్సింది నర్సు. ఆ కాచుకునే పని మనం ఎలా నేర్పుతున్నాం?

"మెడకు పైపేసినారంట. ఇంకేముందిలేప్పా."

అనంతపురం జిల్లా పడమటి అంచున, విడపనకల్లు మండలంలో, ఆస్పత్రికి మనిషిని పంపిన ఏ ఇంటి అరుగు మీదైనా వినపడే మాట ఇది. చేతికి సెలైన్ పెడితే ఎవరూ కంగారు పడరు. ముక్కుకు గొట్టం వేసినా సర్దుకుంటారు. మెడకు పైపంటే మాత్రం బంధువులందరికీ ఫోన్లు వెళ్తాయి. ఆ పైపు అసలు పేరు సెంట్రల్ వీనస్ క్యాథెటర్. ఐసీయూలో దాన్ని సెంట్రల్ లైన్ అంటారు, సీవీసీ అంటారు, పాతకాలం సిస్టర్లు ఇప్పటికీ సీవీపీ లైన్ అనే అంటారు. మనిషిని దక్కించుకునే ప్రయత్నం గట్టిగా సాగుతోందనడానికి అది గుర్తు. అట్లని అరుగు మీది భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. పైపు లోపలి కొస గుండెకు ఆనుకుని ఉంటుంది. బయటి కొస మంచం పక్కన, వచ్చేపోయే చేతులన్నిటికీ అందేలా వేలాడుతుంటుంది. ఆ చేతుల్లో ఏ ఒక్కటి సరిగ్గా కడగకపోయినా క్రిమి నేరుగా రక్తంలోకి నడిచిపోతుంది.

విడపనకల్లులో ఐసీయూ లేదు. ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ చేయగలిగింది చేసి 108 ఎక్కిస్తారు. ఎటు పోవాలన్నది తర్వాతి చిక్కు. గుత్తి, గుంతకల్లు మీదుగా బళ్లారి పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. బళ్లారి దగ్గర, అనంతపురం దూరం. బళ్లారిలో జనం విమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాస్పత్రి ఉంది, ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి, అక్కడ తెలుగు మాట్లాడితే అర్థం కాని మనిషి లేడు. కానీ రాష్ట్రం మారుతుంది. ఉచిత వైద్యం కార్డు అక్కడ పనిచేస్తుందా లేదా అని కనుక్కోవడానికే ఒక మనిషి తిరగాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి కాబట్టి, కార్డు లెక్క ఇక్కడి వాళ్లకు బాగానే తెలుసు. అనంతపురం పెద్దాస్పత్రి, కర్నూలు పెద్దాస్పత్రి, బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి, లేదంటే బళ్లారి. ఈ నాలుగింటిలో ఎటు పోయినా మనిషి స్థితి విషమంగా ఉంటే చివరికి చేరేది సెంట్రల్ లైన్ దగ్గరికే.

ఎవరికి వేస్తారంటే, ఈ నేల మీద బతికేవాళ్ల జాబితానే చెప్పాలి. మిరప తోటలో మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టి పడిపోయినవాళ్లు. పప్పుశనగ చేలోనో పత్తిలోనో రక్తపింజరి కాటేసినవాళ్లు. హైవే మీద లారీ కింద పడిన మోటారు సైకిలు కుర్రాళ్లు. కాన్పు తర్వాత జ్వరం ముదిరిన బాలింతలు. కిడ్నీలు చెడి డయాలసిస్ కోసం వచ్చినవాళ్లు. వాళ్లకు వేసే పైపు కాస్త లావు, అంతే తేడా. బీపీ పడిపోయిన మనిషికి చేతి నరాలు ముడుచుకుపోతాయి, ఎంత తట్టినా దొరకవు. దొరికినా బీపీని నిలబెట్టే నోరడ్రినలిన్ లాంటి మందును చిన్న నరంలోకి ఎక్కువసేపు ఎక్కిస్తే, అది బయటికి కారినచోట చర్మం నల్లబడి చచ్చిపోతుంది. అందుకే మెడ పక్క జుగులర్ నరంలోకో, కాలరెముక కింద సబ్‌క్లేవియన్ నరంలోకో సూది గుచ్చి, సూదిలోంచి సన్నటి తీగ పంపి, ఆ తీగ మీదుగా పైపు దించుతారు. తొడ మొదట్లోనూ వేయొచ్చు. తేలిక కూడా. కానీ గజ్జల దగ్గర చెమట, మలమూత్రాలు. మన ఎండల్లో అక్కడ డ్రెస్సింగ్ ఒక పూట నిలబడితే గొప్ప.

తాళంచెవి నర్సు దగ్గరుండేది

ఈ పైపు పుట్టుకలోనే ఒక నర్సు ఉంది. 1929లో, జర్మనీలో బెర్లిన్‌కు దగ్గర్లోని ఎబెర్స్‌వాల్డె అనే చిన్న ఊరి ఆస్పత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల కుర్ర డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. చేతి నరంలోంచి సన్నటి గొట్టం తోసుకుంటూ పోతే గుండె దాకా చేరదా అని. పైవాళ్లు వద్దన్నారు. శుద్ధి చేసిన సామాను బీరువా తాళం ఆపరేషన్ థియేటరు నర్సు గెర్డా డిట్జెన్ దగ్గర ఉండేది. ఆమె ఒప్పుకుంది, కానీ ఆ ప్రయోగం తన మీదే చేయాలంది. ఫోర్స్‌మన్ సరేనని ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కట్టేసి, ఆమె చూడని పక్కన తన ఎడమ చేతికే మత్తు ఇచ్చుకుని, తన నరంలోకే గొట్టం తోసుకున్నాడు. తర్వాత ఆమె కట్లు విప్పి, గొట్టం వేలాడుతుండగానే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి, కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తీయించుకున్నాడు. 1956లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. డిట్జెన్ పేరు వైద్య చరిత్రలో సరదా కథగా మిగిలింది. నాకు మాత్రం ఈ కథలో డాక్టరు ధైర్యం కన్నా ఆ తాళంచెవి ముఖ్యంగా కనపడుతుంది. శుద్ధమైన సామాను ఎవరి అధీనంలో ఉండాలో ఆ ఆస్పత్రికి తెలుసు. ఆ అధీనంలో ఉన్న మనిషి కాదంటే డాక్టరు ముందుకు పోలేడనీ తెలుసు.

ఈ రెండో సంగతి మళ్లీ గుర్తుచేసుకోవడానికి ప్రపంచానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో జోసీ కింగ్ అనే ఏడాదిన్నర పాప చనిపోయింది. కాలిన గాయాలతో వచ్చింది, కోలుకుంది, ఇంటికి పంపేద్దామనుకుంటుండగా సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు ఇంకిపోవడం కలిసి ప్రాణం తీశాయి. అదే ఏడు, అదే ఆస్పత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే ఐసీయూ డాక్టరు ఒక కాగితం మీద ఐదు మాటలు రాశాడు. చేతులు కడుక్కో. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడువు. రోగిని తలనుంచి కాళ్ల దాకా శుద్ధమైన గుడ్డతో కప్పు, నువ్వు టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకో. వీలైనంత వరకు తొడ జోలికి పోకు. అక్కర్లేని లైను తీసేయ్. ఇందులో ఏ డాక్టరుకూ తెలియనిది ఒక్కటి లేదు. అందుకే ఆయన ముందు నర్సులను ఒక నెలపాటు ఊరికే చూసి రాయమన్నాడు. ముగ్గురు రోగుల్లో ఒకరికి మించి డాక్టర్లు ఏదో ఒక మెట్టు దాటేస్తున్నారని తేలింది. అప్పుడు యాజమాన్యం అసలు పని చేసింది. మెట్టు దాటితే డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇచ్చింది.

మిషిగన్ రాష్ట్రంలో వంద పైచిలుకు ఐసీయూల్లో ఇదే పద్ధతి పెట్టి 2006 డిసెంబరులో ఫలితం అచ్చేశారు. లైన్ల ఇన్ఫెక్షన్‌ను వెయ్యి క్యాథెటర్ రోజులకు ఇన్ని అని లెక్కేస్తారు. పది మందికి వంద రోజుల పాటు లైన్లు ఉంటే వెయ్యి రోజులు. మిషిగన్‌లో ఆ లెక్క సగటున 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కి దిగింది. అమెరికా మొత్తం ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్లు 2001లో 43 వేలు ఉంటే 2009కి 18 వేలకు తగ్గాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. సోకినవాళ్లలో నూటికి 12 నుంచి 25 మంది చనిపోతారనీ చెప్పింది.

మన దేశం సంగతి? ఏడు నగరాల్లోని ఐసీయూలను చూసి 2007లో అచ్చేసిన అధ్యయనంలో వెయ్యి లైను రోజులకు 7.92 ఇన్ఫెక్షన్లు తేలాయి. అంటే మిషిగన్ మొదలుపెట్టిన చోటే మనమూ ఉన్నాం. తర్వాత ఎనిమిది నగరాల్లో శిక్షణ, నిఘా, ఎప్పటికప్పుడు సిబ్బందికి లెక్కలు చూపించడం కలిపి చేస్తే 6.4 నుంచి 3.9కి తగ్గింది. ఇవన్నీ పెద్ద నగరాల పెద్ద ఆస్పత్రుల అంకెలు, అదీ లెక్క రాసుకునే ఆస్పత్రులవి. ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో ఎక్కువగా చర్మం మీది స్టాఫ్ క్రిములు దొరికితే, మన ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ జాతులు రాజ్యమేలుతాయి. వీటిలో చాలావాటికి పెద్ద యాంటీబయాటిక్స్ కూడా లెక్కలేదు. ఇవి మంచం కమ్ముల మీద, సింకులో, మానిటరు బటన్ మీద కాపురముంటాయి. అక్కడినుంచి చేతులెక్కి వస్తాయి.

దీపం వెలిగించే శిక్షణ, మంచం పక్క శిక్షణ

మన దగ్గర శిక్షణ అనగానే ఒక హాలు, ఒక బ్యానరు, ముఖ్య అతిథి, దీప ప్రజ్వలన. తర్వాత ఇంగ్లిషులో ఎనభై స్లైడ్లు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన సిస్టర్లు వెనక వరసలో నిద్ర ఆపుకుంటారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. మర్నాడు ఐసీయూలో ఏదీ మారదు. ఇలాంటి రోజు మీద పెట్టే డబ్బుతో ఆరు నెలలకు సరిపడా స్పిరిట్ స్వాబ్‌లు కొనొచ్చని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

శిక్షణ పనిచేయదని కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బార్న్స్-జూయిష్ ఆస్పత్రి సర్జికల్ ఐసీయూ వాళ్లు నర్సుల కోసం పది పేజీల పాఠం రాశారు. ఎవరికి వాళ్లు చదువుకుని, ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష రాయాలి. గోడలకు పోస్టర్లు అంటించారు. ఇన్ఫెక్షన్లు వెయ్యి రోజులకు 10.8 నుంచి 3.7కి పడిపోయాయని 2002లో ప్రకటించారు. పది పేజీలు! దాన్ని తెలుగులో రాసుకుంటే కాగితం ఖర్చు ఎంతవుతుంది?

తెలుగులో అని ఊరికే అనడం లేదు. అనంతపురం, కర్నూలు పల్లెల నుంచి జీఎన్ఎం నర్సింగ్ చదవడానికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది తెలుగు మీడియం. పరీక్ష ఇంగ్లిషులో రాస్తారు. పని మాత్రం తెలుగులో నడుస్తుంది. "ఒసేయ్, ఆ త్రీవే మూసినావా?" అని లైను కవాటం గురించి అక్క గదమాయించడంలోనే అసలు పాఠమంతా ఉంటుంది. అలాంటి అక్క ఒకామె ప్రతి షిఫ్టులో ఉంటే, ఆమెకు అసలు పద్ధతి బాగా తెలిసి ఉంటే, అదే శిక్షణ. ఆమె తప్పుగా నేర్చుకుని ఉంటే ఆ తప్పు కూడా అంతే నమ్మకంగా పదేళ్లు ప్రవహిస్తుంది.

మంచం పక్క శిక్షణ ఎలా ఉంటుందో ఒక్క పని తీసుకుని చూద్దాం. లైనులోకి మందు ఎక్కించే ముందు హబ్ తుడవడం. హబ్ అంటే సిరంజి తగిలించే మూతి. స్పిరిట్ స్వాబ్‌తో ఆ మూతి పైభాగాన్నీ చుట్టూ మరలనూ పదిహేను సెకన్లు గట్టిగా రుద్దాలి. తర్వాత ఆరనివ్వాలి, ఊదకూడదు. తడి ఆరితేనే స్పిరిట్ పని చేసినట్టు. నేర్పేవాళ్లు గడియారం పెట్టుకుని రుద్దిస్తే తెలుస్తుంది, పదిహేను సెకన్లు అనుకుని మనం రుద్దేది నాలుగో ఐదో. చూసి నేర్చుకున్నది మళ్లీ చేసి చూపించాలి. నర్సింగ్ స్కూళ్లలో దీన్ని రిటర్న్ డెమో అంటారు. నేర్పినవాళ్లు చేతిలో చెక్‌లిస్టుతో ఎదురుగా నిలబడాలి. గ్లౌజులు వేసి, కళ్లకు గంతలు కట్టి, చేతిలో రంగు పోసి "హ్యాండ్ రబ్ చెయ్యమ్మా" అంటే ఇంకా బాగా తెలుస్తుంది. గంతలు విప్పేసరికి బొటనవేలు వెనక, వేళ్ల కొసల దగ్గర రంగు అంటని చోట్లు బయటపడతాయి. అప్పుడు నవ్వులు. ఆ నవ్వులు ఎనభై స్లైడ్ల కన్నా ఎక్కువ కాలం గుర్తుంటాయి.

ఇప్పుడు లెక్క. బాగా జబ్బుపడ్డ మనిషి లైనును రోజుకు ముప్పైసార్లు తెరుస్తారనుకుందాం. ఒక్కోసారి పదిహేను సెకన్లు రుద్దడం, అంతే సేపు ఆరడం అంటే పదిహేను నిమిషాలు. ఒకే రోగి ఉంటే అది సమయమే కాదు. నలుగురు రోగులను ఒక సిస్టరు చూస్తుంటే గంట. రాత్రి రెండు గంటలకు ఒక మంచం దగ్గర పంపు కుయ్యోమంటుంటే, ఇంకో మంచం దగ్గర ఆక్సిజన్ పడిపోతుంటే ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది? వెంటిలేటరు మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది మన దేశపు ప్రమాణమే. ఒక సర్జికల్ ఐసీయూలో లైను ఇన్ఫెక్షన్లు ఎందుకు పెరిగాయో సీడీసీ పరిశోధకులు వెతికి 1996లో అచ్చేసిన అధ్యయనంలో, నర్సుకు రోగులు పెరగడం కూడా ఒక కారణమని తేలింది. శిక్షణ గురించి మాట్లాడి ఈ సంగతి మాట్లాడకపోతే తప్పంతా సిస్టరు నెత్తిన రుద్దినట్టే. చాలా ఆస్పత్రుల్లో జరుగుతున్నది అదే.

నోరాడ్ దారిలో ఇంకేదీ వద్దు

సాధారణంగా వేసే లైనుకు మూడు దారులుంటాయి, బయట మూడు తోకలు వేలాడుతుంటాయి. కొత్త సిస్టరుకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో ఒకదాంట్లో నోరడ్రినలిన్ చుక్కచుక్కగా పోతుంటుంది. ఐసీయూ భాషలో నోరాడ్. గంటకు రెండు మూడు మిల్లీలీటర్లు మాత్రమే పోయే మందు అది. తెలియక ఆ దారిలో యాంటీబయాటిక్ వేసి, వెనక సెలైన్ తోసి ఫ్లష్ చేస్తే పైపులో నిలిచి ఉన్న నోరాడ్ అంతా ఒక్కసారి గుండెలోకి దూకుతుంది. బీపీ రెండు వందలు దాటుతుంది. అందుకే ప్రతి తోకకూ చీటీ అంటించాలి, నోరాడ్ దారిని ముట్టకూడదు. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లూ మంచం దగ్గర నిలబడి, పంపు నుంచి మెడ దాకా పైపును వేలితో పట్టుకుంటూ పోయి, ఏ దారిలో ఏముందో పైకి చెప్పుకోవాలి. కూర్చుని పుస్తకంలో రాసుకునే హ్యాండోవర్‌లో ఇది బయటపడదు.

ఫ్లష్ చేయడానికీ పద్ధతి ఉంది. పది మిల్లీలీటర్ల సిరంజి తీసుకోవాలి. చిన్న సిరంజితో ఒత్తిడి ఎక్కువై పైపు చీలే ప్రమాదముంది. తోసి ఆపి, తోసి ఆపి పంపాలి. అలా చేస్తే లోపల నీళ్లు సుళ్లు తిరిగి గోడలు కడుగుతాయి. ఈ మండలంలో డ్రిప్పు వేసుకున్న రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ల్యాటరల్ పైపుల కొసలు విప్పి అప్పుడప్పుడూ నీళ్లు జోరుగా వదలకపోతే లోపల పాచి కడుతుంది, కట్టిన తర్వాత యాసిడ్ పోసినా పూర్తిగా వదలదు. లైను లోపలి గోడ మీద కూడా క్రిములు అలాంటి జిగురు పొరే అల్లుకుంటాయి. యాంటీబయాటిక్ ఆ పొర పైన తడిపి పోతుంది తప్ప లోపలికి దిగదు. అందుకే సోకిన లైనును చాలాసార్లు మందుతో కాపాడలేరు, పీకేయాల్సిందే.

డ్రెస్సింగ్ దగ్గరికి వస్తే అనంతపురం ఎండ అడ్డం పడుతుంది. పుస్తకం ప్రకారం పారదర్శకంగా ఉండే అంటు డ్రెస్సింగ్ ఏడు రోజులకోసారి, గాజు గుడ్డ అయితే రెండు రోజులకోసారి మార్చాలి. తడిసినా, ఊడినా, మురికి పట్టినా వెంటనే మార్చాలి. ఆ మూడో మాటే ఇక్కడ అసలు నియమం. మే నెలలో బయట నలభై దాటి, లోపల ఏసీ మొరాయిస్తే మెడ మీది చెమటకు అంచులు లేచిపోతాయి. లేచిన అంచు మీద ప్లాస్టరు అంటించడం మన అలవాటు. అది డ్రెస్సింగ్ కాదు, దాచిపెట్టడం. రక్తపింజరి కాటు రోగికి ఇంకో చిక్కు. రక్తం గడ్డకట్టదు కాబట్టి సూది గుచ్చిన చోట ఊరుతూనే ఉంటుంది. పారదర్శక డ్రెస్సింగ్ కింద రక్తం నిలిస్తే క్రిములకు విందు. ఊరడం ఆగేదాకా గాజు గుడ్డే నయం, అవసరమైనన్నిసార్లు మార్చుకుంటూ.

ఇదంతా చేయడానికి సామాను కావాలి. రెండు శాతం క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌లో కలిపినది, శుద్ధమైన గ్లౌజులు, డ్రెస్సింగ్‌లు, స్వాబ్‌లు. అన్నీ ఒకే ట్రేలో, చేతికి అందేచోట ఉండాలి. లైను వేసే ముందు స్టోరుకు ఇండెంటు పెట్టి, తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి ఉంటే ఎంత శిక్షణ పొందిన సిస్టరైనా ఉన్నదాంతో సర్దేస్తుంది. సర్దుకోవడం మన ఆస్పత్రుల్లో గొప్ప గుణంగా చెలామణి అవుతోంది. సెంట్రల్ లైను విషయంలో అది గుణం కాదు.

"సార్, ఒక్క నిమిషం"

అన్నిటికన్నా నేర్పడం కష్టమైనది ఈ మూడు మాటలు. డాక్టరు గౌను వేసుకుని లైను వేస్తున్నాడు. తీగ కొస దుప్పటికి తగిలింది. ఆయన చూడలేదు, సిస్టరు చూసింది. ఆమెకు ఇరవై మూడేళ్లు, కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన ప్రొఫెసరు. "సార్, ఒక్క నిమిషం. తీగ తగిలింది, మారుద్దాం" అనగలదా? అన్నందుకు అందరి ముందూ విసుక్కుంటే ఆమె ఇంకోసారి నోరు తెరవదు. పక్కనున్న ఇద్దరు కూడా తెరవరు. జాన్స్ హాప్కిన్స్‌లో యాజమాన్యం అధికారం ఇచ్చాకే అది సాధ్యమైంది. మన దగ్గర సూపరింటెండెంటు సంతకంతో ఒక్క కాగితం ఐసీయూ గోడకు అంటిస్తే చాలు: చెక్‌లిస్టులో మెట్టు తప్పితే సిస్టరు ఆపుతారు, డాక్టరు ఆగాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. అయినా ఎందుకు కష్టమో అందరికీ తెలుసు.

ఈ జిల్లాకు సెంట్రల్ లైన్లు కాచుకునే పని కొత్తేమీ కాదు. కరవు తప్ప వార్త లేని రోజుల్లోనే, 1991 నవంబరు 22న పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలయ్యాయి. గుండె కోసే ఆపరేషన్ అంటే సెంట్రల్ లైను తప్పదు. అంటే ముప్పై ఏళ్లకు పైగా ఈ మెట్ట నేల మీద ఎవరో ఒక సిస్టరు ఈ లైన్లను కాచుకుంటూనే ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థకు బత్తలపల్లిలో పెద్దాస్పత్రి, దాని పక్కనే నర్సింగ్ స్కూలు ఉన్నాయి. విడపనకల్లుకు దగ్గర్లో కణేకల్లులోనూ ఆ సంస్థ ఆస్పత్రి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి పుట్టపర్తి, బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా రోగులు గీతలు చూసుకుని రారు. నర్సును తయారుచేసే చోటూ ఆమె చేయి తిరిగే ఐసీయూ ఒకే ఆవరణలో ఉంటే ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు.

చేయి తిరిగిన సిస్టరు అక్కడే ఉంటుందా అన్నది వేరే కథ. ప్రభుత్వాస్పత్రిలో ఆర్నెల్లకో ఏడాదికో వార్డు మారుస్తారు. ఐసీయూలో పని వచ్చేసరికి ఆమె ఓపీలో ఇంజెక్షన్లు ఇస్తుంటుంది. ప్రైవేటులో జీతం చాలక బెంగళూరు పోతుంది. ఇప్పుడైతే తెలంగాణలో విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్, ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ జర్మన్ భాష నేర్పించి మరీ జర్మనీకి పంపుతున్నాయి. పోయే పిల్లను తప్పుపట్టలేం. భారత నర్సింగ్ మండలి క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కోర్సు తెచ్చింది, మంచిదే. కానీ చదివి వచ్చినామెకు ఆ హోదా, ఆ జీతం ఇచ్చే పోస్టులు ఉండాలి. ఒక ఐసీయూలో కనీసం షిఫ్టుకొకరు రెండు మూడేళ్లు కదలకుండా ఉండేలా చూస్తే, మిగతావాళ్లు వచ్చిపోతున్నా పద్ధతి నిలుస్తుంది.

అరుగు మీద కూర్చుని ఎదురుచూసే ఇంటివాళ్లకు కూడా ఇందులో పనుంది. ఐసీయూ బయట కుర్చీలో ఉన్న కొడుకో కోడలో రోజూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: "సిస్టరమ్మా, ఆ పైపు ఈరోజు ఇంకా కావాలా?" తిట్టినట్టు కాకుండా అడిగితే ఏ సిస్టరూ ఏమీ అనుకోదు. లోపలికి పోయినప్పుడు చేతికి మందు రుద్దుకోవడం, ప్రేమకొద్దీ మెడ మీది పట్టీ సవరించకపోవడం, పైపు దగ్గర విబూది పూయకపోవడం, ఇవి వాళ్ల వంతు. రెండు రోజులు దాటిన లైనున్న మనిషికి కొత్తగా చలిజ్వరం వస్తే లైనును అనుమానించాలి. అప్పుడు లైనులోంచి ఒకటి, చేతి నరంలోంచి ఒకటి, ఒకేసారి రెండు చోట్లా రక్తం తీసి కల్చరుకు పంపాలి. లైనులోంచి తీసిన సీసాలో క్రిమి చేతి సీసా కన్నా కనీసం రెండు గంటలు ముందుగా పెరిగితే దొంగ లైనే. చాలాచోట్ల కల్చరు తీయకుండానే యాంటీబయాటిక్ మారుస్తారు. ల్యాబు దూరం, రిపోర్టు ఆలస్యం, ఇంటివాళ్ల దగ్గర డబ్బు తక్కువ. కారణాలన్నీ నిజమే. కానీ ఐసీయూలో అదనంగా గడిచే ప్రతి రోజూ ఎవరిదో ఒకరి మిరప పంట డబ్బు.

లైను తీయడం కూడా సిస్టరు పనే. వేయడం కన్నా తేలికనుకుంటారు కానీ ఇక్కడా ప్రమాదముంది. కూర్చోబెట్టి తీస్తే నరంలోకి గాలి పీల్చుకుని నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. మంచం తల వైపు దించాలి. "ఊపిరి బిగబట్టు తాతా" అని చెప్పి, అప్పుడు మెల్లగా లాగాలి. రంధ్రం మీద గాజుతో కనీసం ఐదు నిమిషాలు అదిమి, గాలి చొరబడని డ్రెస్సింగ్ వేయాలి. తీసిన పైపు కొస పూర్తిగా వచ్చిందో లేదో చూసి చార్టులో రాయాలి. అరగంట వెల్లకిలా పడుకోబెట్టాలి. తాత లేచి కూర్చుంటానంటాడు, కాఫీ కావాలంటాడు, ఊరికి ఫోన్ చేసి పైపు తీసేసినారని చెప్పాలంటాడు. ఫోను పడుకునే చేసుకోవచ్చు. కాఫీకి మాత్రం అరగంట ఆగాలి.